మిలిటరీ ట్రక్కు బ్రేకులతో మూడు వారాలు: నా అనుభవం

నిన్న సాయంత్రం మా ట్రక్కు స్టాప్ సైన్ దగ్గర ఒక్క తొక్కుకే ఆగింది. చేతులకి గేర్ ఆయిల్ వాసన ఇంకా వదల్లేదు, మర్చిపోకముందే రాసేస్తున్నాను.

బండి ఎం35ఏ2. అమెరికా ఆర్మీ వాడి వదిలేసిన, రెండున్నర టన్నుల సరుకు మోసే ట్రక్కు, ఇక్కడ డ్యూస్ అండ్ ఎ హాఫ్ అంటారు. మూడు యాక్సిళ్లు, పది టైర్లు, ఖాళీ బరువే దాదాపు 6 టన్నులు. హ్యూస్టన్ బయట మాకున్న కొద్దిపాటి పొలంలో దుంగలు, మట్టి మోయడానికి కొన్నాను. మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు లారీల బ్రేకులు చేశారు, ఆ ధైర్యంతోనే కొన్నాను.

క్లచ్ సంగతి తేలిగ్గానే తేలింది. బండి రెండేళ్లు కదలకుండా ఉండటంతో ప్లేటు ఫ్లైవీల్‌కి అంటుకుపోయింది. ఇంజన్ బాగా వేడెక్కాక ఆపి, మొదటి గేరులో పెట్టి స్టార్ట్ చేసి, ఖాళీ పొలంలో క్లచ్ తొక్కిపట్టి యాక్సిలరేటర్ ఇస్తూ వదులుతూ తిప్పితే పది నిమిషాల్లో ఊడింది.

యాక్సిళ్ల దగ్గర ఒక తప్పు చేశాను. వెనక హబ్బులో సీలు పోయి గేర్ ఆయిల్ బ్రేక్ లైనర్ల మీదికి వస్తోంది, చక్రం విప్పాలి. ఎడమవైపు నట్లకి నాలుగడుగుల పైపు తగిలించి బలమంతా పెట్టి రెండు స్టడ్లు విరగ్గొట్టాను. వీడియో కాల్‌లో నాన్న చూసి, "ఒరేయ్, స్టడ్ చివర ఎల్ అని కొట్టి ఉంది కదరా, అది ఉల్టా మర" అన్నారు. అంటే మామూలు నట్టు బిగించే వైపు తిప్పితే ఇది ఊడుతుంది. ఈ బండికి ఎడమవైపు అన్నీ ఉల్టా మరలే, పానా పట్టుకునే ముందే చూసుకోండి. బేరింగుకి రెండు నట్లు, మధ్యలో లాకు వాషరు ఉంటాయి. హబ్బు తిప్పుతూ లోపలి నట్టు బిగించి, కొంచెం వెనక్కి వదిలి, అప్పుడు లాకు వేసి బయటి నట్టు బిగించాలి.

ఇక బ్రేకులు. అసలు బాధ ఇక్కడే.

యాక్సిళ్ల పనికి ముందు, ఏటా చేయించే చెకింగ్ కోసం బండిని దగ్గర్లోని ఒక ట్రక్కు షాపులో ఇచ్చాను. వాళ్లు బ్రేక్ ఆయిల్ తగ్గిందని పోశారట, నన్ను అడగలేదు. నెల తర్వాత మా అబ్బాయి పక్కన కూర్చుని ఉండగా పొలం రోడ్డు మలుపులో బ్రేకు తొక్కితే పెడల్ నేలకి తగిలింది. ఈ బండికి హైడ్రాలిక్ లైను ఒకటే, ఆరు చక్రాల్లో ఎక్కడ లీకైనా మొత్తం బ్రేకులు పోతాయి. హ్యాండ్ బ్రేకు మాత్రం విడిగా ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక యాక్సిళ్లకి ఇంజన్ బలాన్ని పంచే గేరు పెట్టె) వెనకున్న డ్రమ్ము మీద పనిచేస్తుంది. గేరు తగ్గించి, అది లాగి, కాలువకి నాలుగు గజాల దూరంలో ఆపాను. పిల్లాడు ఏడవలేదు. నాకే చాలాసేపు కాళ్లు వణికాయి.

షాపుకి వెళ్లి అడిగితే అక్కడి మనిషి పది మంది ముందు, పాత మిలిటరీ చెత్తకి మేము పూచీ పడమని, నీలాంటి ఆఫీసు మనుషులు కంప్యూటర్ చూసుకుంటే మంచిదని అన్నాడు. బయటికి వచ్చి కార్లో కూర్చున్నాక కూడా నోట మాట రాలేదు. అడగకుండా ఆయిల్ పోసి, ప్రాణాలమీదికి వచ్చాక నోరు పారేసుకునేవాళ్ల చేతికి బండి ఇవ్వకండి, ఎంత తక్కువకి చేసినా సరే.

అన్నీ నేనే విప్పాను. అమెరికా ఆర్మీ 1980ల మొదట్లో తన బళ్లను సిలికాన్ ఆయిల్‌కి, అంటే డాట్ 5కి మార్చింది. కొత్తగా ఉన్నప్పుడు అది ఊదా రంగు, పాతబడితే రంగు వెలిసి మామూలు ఆయిల్‌లాగే కనిపిస్తుంది. షాపువాళ్లు మామూలు బ్రేక్ ఆయిల్, అంటే డాట్ 3 పోశారు. ఆ రెండూ కలవవు. వీల్ సిలిండర్ (చక్రం దగ్గర బ్రేకుని నెట్టే చిన్న సిలిండర్) విప్పితే పలచటి నూనె కింద గోధుమరంగు జిగురు, గంజి అడుగంటినట్టు, వేలితో తీస్తే తీగలా సాగింది. వెనక ఒక సిలిండర్ రబ్బరు కప్పు అంచు లేచిపోయి ఆయిలంతా డ్రమ్ములోకి కారింది.

ఆరు సిలిండర్లూ మార్చాను, మాస్టర్ సిలిండర్ మార్చాను, పైపులన్నీ స్పిరిట్‌తో కడిగి గాలికొట్టి ఆరబెట్టాను. నా భార్య పెడల్ తొక్కుతుంటే నేను కింద పడుకుని మూడుసార్లు లైన్లో చిక్కిన ఎయిర్ తీశాను. అయినా పెడల్ స్పాంజిలాగే ఉంది. రెండు రోజులు పిచ్చెక్కింది. నాన్నే అడిగారు, "బూస్టరుకి బ్లీడర్ లేదా?" అని. బ్లీడర్ అంటే గాలి బయటికి వదిలే చిన్న మర. ఉంది! ఛాసిస్‌కి బిగించిన ఎయిర్ ప్యాక్‌కి, అంటే గాలి ఒత్తిడితో బ్రేకు బలం పెంచే ఆ బూస్టరుకి, సొంత బ్లీడర్లున్నాయి. ముందు అక్కడ గాలి తీసి, తర్వాత దూరంగా ఉన్న వెనక చక్రంతో మొదలుపెట్టి ముందుకి రావాలి. డాట్ 5 డబ్బాని ఊపకూడదు, మెల్లగా పోయాలి, లేకపోతే సన్న బుడగలు పట్టేసి ఓ పట్టాన పోవు. నాలుగోసారికి పెడల్ రాయిలా నిలబడింది. నా భార్య అక్కడి నుంచే "వచ్చింది!" అని అరిచింది.

మాస్టర్ సిలిండర్ ఈ బండికి డ్రైవర్ కాళ్ల కింద ఉంటుంది. పైనున్న రేకు మీద తెల్ల పెయింటుతో "డాట్ 5 మాత్రమే" అని తెలుగులో, ఇంగ్లీషులో నా చేత్తోనే రాశాను.