సత్తు గ్లాసు

మా ఊరి టీ బంకులో మా వీధివాళ్ళకి సత్తు గ్లాసులు, మిగతావాళ్ళకి గాజు గ్లాసులు. మా నాయన టీ తాగి, తన గ్లాసు తనే కడిగి, బంకు వెనక గోడ మీద బోర్లించి వచ్చేవాడు. చిత్తూరుకి పద్నాలుగు కిలోమీటర్లే మా ఊరు. దక్షిణాఫ్రికాలో తెల్లవాళ్ళ పాలన మీద పోరాడిన మండేలా 1990 ఫిబ్రవరి 11న, 27 ఏళ్ళ జైలు తర్వాత బయటికొచ్చారు. రేడియోలో ఆ వార్త విని నాయన "మనోడు బయటికొచ్చినాడు" అన్నాడు. అప్పుడు నాకు పన్నెండేళ్ళు.

ఇప్పుడు చిత్తూరు కోర్టులో లాయర్ని. ఎక్కువగా భాగపంపకాల దావాలు. లోక్ అదాలత్‌లో రాజీలు చేయించీ చేయించీ, మండేలాకీ, అప్పటి తెల్ల ప్రభుత్వ అధ్యక్షుడు డిక్లర్క్‌కీ మధ్య జరిగిన చర్చలను కూడా ఒక కేసు కట్టలాగే చదివాను. జొహానెస్‌బర్గ్ దగ్గర కెంప్టన్ పార్క్‌లో 1991 డిసెంబర్ 20న మొదటి పెద్ద సమావేశం. చివర మాట్లాడిన డిక్లర్క్ మండేలా పార్టీ ఏఎన్‌సీని తప్పుపట్టారు. మండేలా వెంటనే లేచి, అందరి ముందూ కడిగేశారు. 1992 జూన్‌లో బొయిపటాంగ్ అనే నల్లవాళ్ళ బస్తీలో 40 మందికి పైగా ఊచకోతకు గురయ్యారు. ప్రభుత్వాన్నే తప్పుపట్టి ఏఎన్‌సీ చర్చల నుంచి లేచిపోయింది.

నన్ను పట్టుకున్నది ఆ తర్వాతి భాగం. ఏఎన్‌సీ తరఫున సిరిల్ రామఫోసా, ప్రభుత్వం తరఫున రోల్ఫ్ మేయర్, ఈ ఇద్దరు మాత్రం మాట్లాడుకోవడం ఆపలేదు. అంతకుముందు ఒకసారి చేపల వేటకెళ్ళినప్పుడు మేయర్ వేలికి గాలం గుచ్చుకుంటే, పట్టకారుతో లాగి తీసింది రామఫోసానే. 1992 సెప్టెంబర్ 26న మళ్ళీ ఒప్పందం రాసుకున్నారు. తెల్ల ఉద్యోగుల కొలువులు అలాగే ఉంచాలి, కొన్నేళ్ళు అధికారం పంచుకోవాలి అన్న ప్రతిపాదన తెచ్చింది ఏఎన్‌సీ పక్షాన ఉన్న జో స్లోవో. అది చదివినప్పుడు నా కడుపు మండింది. దెబ్బలు తిన్నవాళ్ళే దిగిరావాలా? నాకు ఇప్పటికీ మింగుడుపడదు. కానీ అది లేకపోతే రక్తం ఇంకెంత పారేదో.

1993 ఏప్రిల్ 10న ఏఎన్‌సీ నాయకుడు క్రిస్ హానీని ఒక తెల్లవాడు కాల్చి చంపాడు. దేశం అంటుకోబోతున్న రాత్రి మండేలా టీవీలోకి వచ్చి, హంతకుణ్ణి పట్టించిందీ ఒక తెల్లావిడేనని గుర్తుచేశారు. రెండు నెలలు తిరక్కుండానే, నల్లవాళ్ళూ ఓటేసే మొదటి ఎన్నికల తేదీ ఖాయమైంది. 1994 ఏప్రిల్ 27.

మా ఊళ్ళో ఏ చర్చలూ జరగలేదు. పేపర్ కప్పులొచ్చాయి, సత్తు గ్లాసులు కనపడకుండా పోయాయి. నాయన పోయేదాకా వాటి గురించి ఆయనతో ఎవరూ ఒక్క మాట మాట్లాడలేదు.

పోయిన నెల ఆ బంకాయన కొడుకు పొలం దావా పని మీద నా దగ్గరికొచ్చాడు. కాగితాలన్నీ చూశాక అడిగాను, "ఆ సత్తు గ్లాసులు ఏమయ్యాయి?" అని. చాలాసేపు తల వంచుకుని కూర్చున్నాడు.

"అటక మీద ఉండాయి సార్."

ఆదివారం ఊరికెళ్తున్నాను. మా నాయన గ్లాసుకి అంచు దగ్గర సొట్ట ఉంటుంది. అది తీసి పెట్టమని చెప్పాను.