పట్నంలో అప్పు దొరుకుతుంది, పని దొరకదు

హసన్‌పర్తి వైపున్న మా ఊరు 2013లో వరంగల్ నగరపాలక సంస్థలో కలిసింది. ఆ విలీనంలో చుట్టుపక్కల 42 గ్రామాలు నగరంలో చేరాయి. 2015లో నగరం పేరుకు ముందు గ్రేటర్ అన్న మాట కూడా వచ్చింది. వీధిదీపాలు, చెత్త బండి, మంచి రోడ్డు వస్తాయని సంబరపడ్డవాళ్లలో నేనూ ఉన్నాను. మా చిన్నమ్మ మాత్రం జాబ్‌కార్డు పట్టుకుని పంచాయతీ ఆఫీసుకు పోయి, అక్కడ పంచాయతీయే లేదని తెలుసుకుని తిరిగొచ్చింది. "మనది పట్నమైందట బిడ్డా, పట్నపోళ్లకు కరువు పని ఉండదట" అని ఆమె చెప్పినప్పుడు ఆ గొంతులో కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువగా వినిపించింది. అంతకుముందు ఎండాకాలం వరకు చెరువులో పూడిక తీసిన మనిషి, అదే ఇంట్లో అదే రేషన్‌కార్డుతో ఉంటూనే, ఆ పనికి అర్హత లేనిదైపోయింది.

ఇందులో ఏ అధికారి తప్పూ లేదు. 2005లో వచ్చిన ఉపాధి హామీ చట్టం ఏడాదికి వంద రోజుల పనిని గ్రామీణ కుటుంబాలకే హామీ ఇచ్చింది. 2006లో అమలు మొదలైన తొలి విడత 200 జిల్లాల్లో ఉమ్మడి వరంగల్ కూడా ఒకటి కాబట్టి, మా వైపు ఆడవాళ్లకు ఏడెనిమిదేళ్ల పాటు ఎండాకాలపు కూలి గురించి ఒక ధీమా ఉండేది. ఊరు నగరమైనంత మాత్రాన ఆ కూలి అవసరం పోలేదు. పొలాలు ప్లాట్లుగా మారడంతో నాట్లు, కలుపు పనులు తగ్గి, ఆ అవసరం ఇంకా పెరిగింది.

పంచాయతీ పోయిన చోటికి మెప్మా వచ్చింది. 2007లో ఏర్పడిన ఈ పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ పని తీరును దగ్గర నుంచి చూసిన తరువాత నాకు దాని మీద గౌరవం పెరిగిందని ముందే చెప్పుకోవాలి. పదిమంది ఆడవాళ్లు ఒక సంఘం, బస్తీలోని సంఘాలన్నీ కలిసి ఒక సమాఖ్య, వాటన్నింటి మీద పట్టణ సమాఖ్య. వీటి మధ్య తిరిగే మనిషిని (రిసోర్స్ పర్సన్) మేము ఆర్పీ అంటాం. మా ఆర్పీ అక్కకు ఎవరి కొడుకు భీవండిలో మగ్గం మీద ఉన్నాడో, ఎవరింట్లో గ్యాస్ బండ నెలాఖరుకు ఖాళీగా ఉంటుందో, ఎవరు పింఛనుకు అర్హులై ఉండి కూడా అడగడానికి సిగ్గుపడుతున్నారో తెలుసు. నగరం పేదల గురించి తెలుసుకోవాలంటే ఇంతకన్నా మంచి దారి లేదు. 66 డివిజన్ల నగరంలో కార్పొరేటర్ ఎంత మంచివాడైనా ఇన్ని ఇళ్ల సంగతులు గుర్తుపెట్టుకోలేడు.

అయితే ఆ దారిలో మా దాకా వచ్చేది ముఖ్యంగా అప్పు. బ్యాంకు లింకేజీ, 2011లో మొదలైన స్త్రీనిధి, 2020 జూన్‌లో వచ్చిన స్వనిధి పేర్లు వేరైనా అవన్నీ అప్పులే. స్వనిధి కింద వీధి వ్యాపారికి ₹10 వేలు, సకాలంలో కడితే 7 శాతం వడ్డీ రాయితీ ఇచ్చేటట్టు పథకాన్ని మొదలుపెట్టారు, ఆ తరువాత ₹20 వేల, ₹50 వేల విడతలు కూడా చేర్చారు.

నేను అప్పును తక్కువ చేసి మాట్లాడడం లేదు. మా వైపు గిరిగిరి అంటే ఏమిటో తెలిసినవాళ్లెవరూ బ్యాంకు అప్పును తక్కువ చేయరు. కాగితం మీద పదివేలు రాసి, చేతికిచ్చేటప్పుడే వెయ్యో పదిహేను వందలో కోసుకుని, రోజుకు వంద చొప్పున వంద రోజులు బండి దగ్గరికే వచ్చి వసూలు చేసే దందా అది. 2010లో సూక్ష్మ రుణ సంస్థల వసూళ్లు తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నవారి వార్తలు వచ్చిన జిల్లాల్లో వరంగల్ కూడా ఉంది. ఆ ఏడు అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, వారం వాయిదాలను నెల వాయిదాలుగా మార్చి, ఇంటి గడప దగ్గర వసూలు చేయడాన్ని ఆపించింది. ఆ రోజులు చూసినవాళ్లకు సంఘం అప్పు ఎంత పెద్ద అండో తెలుసు.

కానీ అప్పు అక్కరకొచ్చేది చేతిలో ఏదో ఒక వ్యాపారం ఉన్నవాళ్లకే. కూరగాయల బండి ఉన్నామె పదివేలతో సరుకు కొని పదకొండు వేలు చేసుకోగలదు. పొద్దున ఆరున్నరకు పోచమ్మ మైదాన్ వైపు అడ్డా మీద సద్ది గిన్నె పట్టుకుని నిలబడే మనిషి పదివేలతో ఏం కొనాలి? ఆ మనిషి అమ్ముకోగలిగింది ఒక రోజు కష్టం మాత్రమే, దాన్ని కొనేవాడు రాకపోతే ఎనిమిదిన్నరకు ఇంటికి తిరిగిపోవాలి. అట్లాంటి ఇంట్లో సంఘం అప్పు ఆస్పత్రికో, ఫీజుకో, పాత గిరిగిరి తీర్చడానికో పోతుంది, వాయిదా మాత్రం ప్రతి నెలా వస్తూనే ఉంటుంది.

ఈ నగరం ఒకప్పుడు పేదవాడికి అప్పు కాక జీతం ఇచ్చింది. 1934లో మొదలైన ఆజంజాహి మిల్లు 2002లో మూతపడే దాకా తరతరాల కుటుంబాలకు అన్నం పెట్టింది. మిల్లు సైరన్‌ను బట్టి పొయ్యి వెలిగించేవాళ్లమని చెప్పే ముసలివాళ్లు మా చుట్టాల్లో ఇప్పటికీ ఉన్నారు. కొత్తవాడలో నేసే వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చినా, నేతగాళ్లు సూరత్, షోలాపూర్, భీవండి బండ్లు ఎక్కడం అంతకు చాలా ముందే మొదలైంది. 2017 అక్టోబరులో గీసుగొండ, సంగెం మండలాల్లో మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన చేసినప్పుడు అలా వలస పోయినవాళ్లను వెనక్కి రప్పిస్తామన్నారు. అంత దూరం పనికి పోయే ఆడవాళ్లకు నిజంగా కలిసొచ్చింది 2023 డిసెంబరులో మొదలైన ఉచిత బస్సు. పేదరికం గురించి మాట్లాడేటప్పుడు బస్సు చార్జీని ఎవరూ లెక్కలోకి తీసుకోరు గాని, రోజుకు అరవై రూపాయలు మిగలడమంటే కూలి అంత పెరిగినట్టే.

సంఘాలకు అప్పు బదులు పని అప్పగించిన సందర్భాలు లేకపోలేదు. కరోనా కాలంలో మాస్కులు కుట్టారు. 2024లో ప్రభుత్వ బడి పిల్లల యూనిఫాంలు కుట్టే పనిని మహిళా సంఘాలకు ఇచ్చారు, బడుల మరమ్మతుల బాధ్యతను కూడా ఆ సంఘాల ఆడవాళ్లున్న కమిటీలకే అప్పగించారు. మా సమాఖ్యలో ఆ కుట్టుపని దొరికిన వారాల్లో వాయిదా ఆలస్యమైన ఇల్లు ఒక్కటీ లేదని పుస్తకాలు రాసే అక్క చెప్పింది. బ్యాంకు మేనేజర్లు తమ రికవరీ ఎట్లా పెరుగుతుందో తెలుసుకోవాలంటే ఆ పుస్తకం చూస్తే చాలు.

నగరంలో ఇట్లా అప్పగించగల పని లేదా అంటే, 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జూలైలో మన కాలనీలను ముంచిన నీళ్లను గుర్తు చేసుకుంటే సరిపోతుంది. నాలాల్లో పూడిక తీయాలి, చెరువు గట్లు చూసుకోవాలి, మొక్కలు పెంచాలి, పొడి చెత్త వేరు చేయాలి. తడి చెత్త, పొడి చెత్త వేరు చేయడంలో 2012లోనే దేశానికి దారి చూపిందని ఈ నగరానికి పేరుంది. కేరళ 2010లోనే అయ్యంకాళి పేరుతో పట్టణ ఉపాధి హామీ పెట్టింది, రాజస్థాన్ 2022 సెప్టెంబరులో మొదలుపెట్టింది. నగరపాలక సంస్థ ఒక్కటే తన ఆదాయంతో వంద రోజుల హామీ ఇవ్వలేదన్న మాట నిజమే, దానికి రాష్ట్రం పూనుకోవాలి. కానీ నాలా పూడికకు ప్రతి ఏడూ ఎట్లాగూ ఖర్చు పెడుతున్నారు. పెద్ద నాలాకు జేసీబీ కావాలి, ఒప్పుకుంటాను. బండి పట్టని గల్లీ మోరీలకు మనుషులు కావాలి. చేతికి తొడుగులు, కాళ్లకు బూట్లు, రోజు కూలి ఇచ్చి, మురుగునీటి గుంతల జోలికి పోనివ్వకుండా వాననీటి కాలువల వరకు ఆ పనిని బస్తీ సమాఖ్యకు అప్పగిస్తే, అదే డబ్బు ఆ బస్తీలోనే మిగులుతుంది.

2019 మున్సిపల్ చట్టం ప్రతి వార్డుకు నాలుగు కమిటీలు పెట్టింది. యువకులకొకటి, మహిళలకొకటి, పెద్ద వయసువారికొకటి, ప్రముఖులకొకటి. ఒక్కో దానిలో 15 మంది, మహిళల కమిటీ పోను మిగతావాటిలోనూ సగం మంది ఆడవాళ్లు. పని కావాలని అడగడానికి ఇంతకన్నా సరైన వేదిక నాకు కనిపించలేదు. పోయిన నెల సమాఖ్య సమావేశంలో ఈ సంగతే చెప్పాను. చెప్పినందుకు దరఖాస్తు రాసే పని కూడా నా మీదే పడింది.

పేర్లు రాయించుకోవడానికి కూర్చుంటే ఇరవై ఏడు మంది వచ్చారు. మా చిన్నమ్మకు ఇప్పుడు అరవై దాటాయి, మోకాళ్ల నొప్పులు కూడా ఉన్నాయి. అయినా మొదటి పేరు ఆమెదే రాయమంది. జత చేయడానికి ఆధారం ఏమైనా ఉందా అని అడిగితే పాత జాబ్‌కార్డు తెచ్చిచ్చింది. అది చెల్లదు పెద్దమ్మా అని ఆర్పీ అక్క అంటే, "చెల్లకపోతే మానె, నేను పని చేసిన రోజులన్నీ అండ్ల రాసున్నయి గద" అంది. దాని జిరాక్సు తీసి దరఖాస్తుకు జత చేశాను. వానాకాలానికి ముందు జరిగే వార్డు కమిటీ సమావేశంలో దాన్ని ఇస్తున్నాం.