పది కిలోల పండుమిర్చి, ఐదుగురం, రెండు బ్రాంచీలు: మా ఫైనల్ ఇయర్ డ్రయ్యర్ ప్రాజెక్టు

ఫైనల్ ఇయర్‌లో మేం ఐదుగురం కలిసి పది కిలోల పండుమిర్చి పట్టే సోలార్ డ్రయ్యర్ చేశాం. ముగ్గురం మెకానికల్, ఇద్దరు ఈసీఈ (ఎలక్ట్రానిక్స్). గుంటూరు, విజయవాడ కాలేజీల్లో మిర్చి మీద ప్రాజెక్టు తీసుకోవాలనుకునే బ్యాచ్‌లకు పనికొస్తుందని కొలతలతో సహా రాస్తున్నాను.

ముందు సీజన్ చూసుకోవాలి. పండుకాయ కోతలు జనవరి నుంచి మార్చి దాకా జోరుగా ఉంటాయి, ఎనిమిదో సెమిస్టర్ కూడా అప్పుడే. ఫిబ్రవరి మొదటి వారానికి డ్రయ్యర్ నిలబడకపోతే రెండు మూడు ట్రయల్స్‌కు సరిపడా కాయ దొరకడం కష్టం. మిర్చి యార్డుకు వెళ్తే టిక్కీల్లో (గోనె బస్తాల్లో) వచ్చేది ఎండుకాయే. బజార్లో పచ్చడికని అమ్మే పండుమిర్చిలో నాలుగు చేల కాయ కలిసి ఉంటుంది, తేమ ఒక్కోదాంట్లో ఒక్కోలా ఉంటుంది. అందుకే మేడికొండూరు వైపు ఒక రైతుతో ముందే మాట్లాడుకుని, ఒకే చేలో ఒకే రోజు కోసిన కాయ తెచ్చుకున్నాం. రకం 334, గుంటూరు పక్కన లాం ఫారంలో (వ్యవసాయ పరిశోధన కేంద్రంలో) పుట్టిన ఎల్‌సీఏ 334. రకం పేరు, కోత తేదీ రికార్డులో మొదటి పేజీలోనే ఉండాలి.

జీరోత్ రివ్యూలో, అంటే ప్రాజెక్టు ఆలోచన చెప్పే మొట్టమొదటి రివ్యూలో, "సోలార్ డ్రయ్యర్లు బోలెడున్నాయి కదా, ఇందులో కొత్తేంటి" అని కచ్చితంగా అడుగుతారు. ఎప్పుడు ఆపాలో డ్రయ్యరే చెప్పాలన్నది మా జవాబు. కళ్లంలో రైతు కాయ తీసి చెవి దగ్గర ఊపుతాడు. లోపల గింజ గలగలమంటే ఎండినట్టు. మేం ఆ పనిని బరువుతో చేయించాం: ట్రేలన్నీ ఒక లోడ్‌సెల్‌కు (బరువు కొలిచే సెన్సర్‌కు) వేలాడతాయి, అనుకున్న బరువుకు రాగానే ఫోన్‌కు మెసేజ్ వస్తుంది.

ఆ బరువు ఎంతో లెక్క కట్టాలి. పండుకాయలో తేమ 75 శాతం అనుకుంటే పది కిలోల్లో నీళ్లు ఏడున్నర కిలోలు, మిగతాది రెండున్నర కిలోలు. ఎండాక తేమ 10 శాతం ఉండాలంటే 2.5ను 0.9తో భాగించాలి, 2.78 కిలోలు వస్తుంది. అంటే సుమారు 7.2 కిలోల నీరు పోవాలి. కిలో నీటికి 2,400 కిలోజౌళ్ల చొప్పున 17 మెగాజౌళ్ల పైచిలుకు. ఎండ చదరపు మీటరుకు రోజుకు 5 యూనిట్లు, అంటే 18 మెగాజౌళ్లు అని తీసుకున్నాం. డ్రయ్యర్ సామర్థ్యం 25 శాతమే వేసుకున్నా రెండు చదరపు మీటర్ల కలెక్టర్ (ఎండకు గాలిని వేడెక్కించే గ్లాసు పెట్టె) రోజుకు 9 మెగాజౌళ్లు ఇస్తుంది. కాగితం మీద రెండు రోజుల పని. చేసేసరికి నాలుగు రోజులు పట్టింది. మిర్చి తోలు మీద మైనంలాంటి పొర ఉంటుంది. మొదట్లో నీరు గబగబా పోతుంది గానీ చివరి కిలో ఆ పొర దాటి రావాలి. తొడిమ దగ్గర ఇంకా ఆలస్యం. ఈ తేడాను దాచకుండా రిపోర్టులో రాయండి, వైవాలో మాట్లాడటానికి అంతకన్నా మంచి విషయం ఉండదు.

75 శాతం అన్నది అంచనాగా వదిలేయకూడదు. సివిల్ వాళ్ల సాయిల్ ల్యాబ్‌లో హాట్ ఎయిర్ ఓవెన్ ఉంటుంది. కాయల్ని ముక్కలు కోసి 50 గ్రాములు తూచి, 105 డిగ్రీల దగ్గర 24 గంటలు ఉంచి మళ్లీ తూచాం. ఓవెన్‌లో నీటితో పాటు కాయలోని ఆవిరయ్యే నూనె కూడా కొంత పోతుంది కాబట్టి తేమ కాస్త ఎక్కువగా చూపిస్తుంది. ఆ మాట మనమే ముందు చెప్పేస్తే మంచిది.

ఇక ఐదుగురి మధ్య పని. బాడీ ముగ్గురికి, సర్క్యూట్ ఇద్దరికి అని పంచుకోవడం ఐదు నిమిషాల పని. చెడేదంతా ఆ రెండూ కలిసే చోటే చెడుతుంది. దీనికి ఉదాహరణ ఫ్యాన్ రంధ్రం. ఈసీఈ వాళ్లు "120 ఎంఎం ఫ్యాన్" అన్నారు. మేం ఆటోనగర్‌లో షీట్ కోయించేటప్పుడు 120 మిల్లీమీటర్ల చదరం చెప్పాం. ఫ్యాన్ ఫ్రేము 120 చదరమే, కానీ దాని స్క్రూ రంధ్రాల మధ్య దూరం 105. చదరం కోసేశాక నాలుగు స్క్రూలూ ఖాళీలోకే వచ్చాయి, బిగించడానికి షీటే లేదు. కోయాల్సింది 115 వ్యాసం ఉన్న గుండ్రటి రంధ్రం. చివరికి ఆరంగుళాల ప్లేటుకు గుండ్రటి రంధ్రం కోయించి, చదరం మీద రివెట్లు కొట్టించాం. ఎవరి పనిలోనూ తప్పు లేదు, ఆ రంధ్రం ఎవరిదో రాసి లేదు.

అప్పుడే ఒక ఏ3 కాగితం మీద రెండు వైపులా కలిసే ప్రతి చోటూ గీశాం: ఫ్యాన్ రంధ్రం, లోడ్‌సెల్ బ్రాకెట్, సెన్సర్ వైర్లు లోపలికి వెళ్లే దారి, కంట్రోల్ బాక్స్, ప్యానెల్ స్టాండు. ఒక్కోదానికి కొలత, పక్కన ఒక్కరి పేరు. ఇద్దరి పేర్లు రాస్తే ఎవరూ చేయరు. కొలత మారితే ఆ పేరున్నవాళ్లే కాగితం మీద దిద్ది, తేదీ వేసి, గ్రూపులో ఫొటో పెట్టాలి. కనెక్టర్లూ ఆ కాగితం మీదే తేల్చాం: 12 వోల్టులకు స్క్రూ టెర్మినల్, 5 వోల్టులకు జేఎస్‌టీ (చిన్న ప్లగ్గులాంటి కనెక్టర్). ఒకదాని చోట ఇంకోటి పెట్టాలన్నా పట్టదు.

కలెక్టర్ పొడవు రెండు మీటర్లు, వెడల్పు మీటరు. లోపల 24 గేజ్ జీఐ షీటుకు మ్యాట్ బ్లాక్ పెయింటు, పైన 4 మిల్లీమీటర్ల టఫెన్డ్ గ్లాసు రెండు పలకలు. గ్లాసు చుట్టూ 3 మిల్లీమీటర్ల సందు వదిలి రబ్బరు బీడింగ్ వేయాలి. వెల్డింగ్ బొడిపెలు గ్రైండింగ్ చేయకుండా ఫ్రేము మీద గ్లాసు బిగిస్తే పగులుతుంది. దక్షిణం వైపు తిప్పి 25 డిగ్రీల వాలు ఇచ్చాం. గుంటూరు అక్షాంశం 16 డిగ్రీల పైచిలుకు, చలికాలం చివర్లో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి దానికి కొంచెం కలుపుకోవాలి. షీటు వెనక మొదట థర్మకోల్ వేశాం. ఫ్యాన్ ఆగి ఉన్న ఒక మధ్యాహ్నం అది మెత్తబడి కుంగిపోయింది. గాలి కదలకపోతే కలెక్టర్ వేడి థర్మకోల్ ఓర్చుకునే హద్దు దాటిపోతుంది. తీసేసి గ్లాస్‌వూల్ వేశాం. పెయింటు ఆరాక ఖాళీ డ్రయ్యర్‌ను మూడు రోజులు ఎండలో నడపండి, లేకపోతే కాయకు పెయింటు వాసన పట్టేస్తుంది.

గాలి ఎంత కావాలన్నది ఇలా తేల్చాం. మిట్టమధ్యాహ్నం చదరపు మీటరుకు 800 వాట్లు, కలెక్టర్ సామర్థ్యం 40 శాతం అనుకుంటే రెండు చదరపు మీటర్ల నుంచి 640 వాట్లు. గాలిని 25 డిగ్రీలు వేడెక్కించాలంటే సెకనుకు 25 గ్రాముల గాలి, అంటే 50 సీఎఫ్‌ఎం (నిమిషానికి ఘనపుటడుగులు) దగ్గర. బయట 32 ఉంటే లోపలికి 57 డిగ్రీల గాలి వెళ్తుంది. 60 దాటనివ్వకూడదు, కాయ నల్లబడి ధర పోతుంది. ఫ్యాన్‌ను కలెక్టర్‌లోకి చల్లగాలి వెళ్లే వైపు పెట్టాం. వేడిగాలి వైపు పెడితే బేరింగు త్వరగా పాడవుతుంది.

సర్క్యూట్‌లో ఈఎస్‌పీ32 (వైఫై ఉన్న చిన్న కంట్రోలర్ బోర్డు) వాడాం. ఇక్కడ నాలుగు చోట్ల రోజులకు రోజులు పోయాయి. వేడి, తేమ కొలిచే డీహెచ్‌టీ11 సెన్సర్ 50 డిగ్రీల వరకే, డ్రయ్యర్‌లో పనికిరాదు. డీహెచ్‌టీ22 తీసుకోండి, 80 వరకు చదువుతుంది. దాని డేటా వైరును 34 నుంచి 39 వరకున్న పిన్నులకు కలపొద్దు. అవి ఇన్‌పుట్‌కే పనిచేస్తాయి. ఈ సెన్సర్‌ను చదవాలంటే ముందు మన వైపు నుంచి లైన్‌ను కిందికి, అంటే సున్నా వోల్టులకు, లాగాలి, ఆ పిన్నులు లాగలేవు. ఫ్యాన్ స్విచింగ్‌కు ఐఆర్‌ఎఫ్540 మాస్‌ఫెట్ (స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్) పెడితే 3.3 వోల్టుల గేటుతో పూర్తిగా తెరుచుకోక కాలిపోయేంత వేడెక్కింది. ఐఆర్‌ఎల్‌జెడ్44 మార్చి, గేటు నుంచి గ్రౌండ్‌కు 10 కిలో ఓమ్‌లు పెట్టాక సరిపోయింది. వైఫై ఆన్ అయిన ప్రతిసారీ బోర్డు రీసెట్ అవుతుంటే ప్రోగ్రామ్‌ను అనుమానించాం. తప్పు సన్నటి వైరుది. వైఫై ఒక్కసారిగా లాగే కరెంటుకు వోల్టేజీ పడిపోతోంది. మందం వైరు వేసి, బోర్డు దగ్గరే 1000 మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెట్టగానే ఆగింది. 12 వోల్టులను తగ్గించే బక్ కన్వర్టర్‌ను మల్టీమీటరుతో 5 వోల్టులకు తిప్పుకున్న తర్వాతే బోర్డుకు కలపాలి.

ఫ్యాన్ 12 వోల్టుల దగ్గర 0.4 ఆంపియర్ చొప్పున తొమ్మిది గంటలు, బోర్డు రోజంతా. కలిపి రోజుకు సుమారు 58 వాట్ అవర్లు. 20 వాట్ల ప్యానెల్‌తో లెక్క అంచుమీద ఉంటుంది, ఒక్క రోజు మబ్బు పట్టినా చాలదు. 40 వాట్ల ప్యానెల్, 7 ఆంపియర్ అవర్ల బ్యాటరీ పెట్టాం.

అన్నిటికన్నా కష్టపెట్టింది లోడ్‌సెల్. 20 కిలోల సెల్, దాని రీడింగును అంకెలుగా మార్చే హెచ్‌ఎక్స్711 బోర్డు. సెల్ వేడి లోపల ఉంటే రీడింగు మారిపోతుంది కాబట్టి డ్రయ్యర్ కప్పు మీద బిగించి, రేకు నీడ కట్టాం. 4 మిల్లీమీటర్ల రాడ్డు రంధ్రంలోంచి దిగి ట్రేల ఫ్రేమును మోస్తుంది. రాడ్డు రంధ్రం అంచును తాకిందంటే బరువు అబద్ధం. ట్రేలు 750 చదరం, చాంబర్ లోపల 770. చుట్టూ పది మిల్లీమీటర్ల సందు. మొదటి ట్రయల్‌లో గాలి కాయల్లోంచి కాకుండా ఆ సందులోంచి పైకి పోయింది. మాకేమో సందు మూసెయ్యాలి, ఈసీఈ వాళ్లకేమో ట్రే దేన్నీ తాకకూడదు. రెండు రోజులు వాదించుకున్నాక దారి దొరికింది: ఒక్కో ట్రే అంచుకు 5 మిల్లీమీటర్ల కింద, గోడ నుంచి లోపలికి 30 మిల్లీమీటర్ల రేకు పట్టీ. ట్రేను తాకదు, గాలిని మాత్రం మధ్యలోకి మళ్లిస్తుంది. ఫ్యాన్ గాలికి ట్రేలు కాస్త తేలుతాయి కాబట్టి, తూచే ముందు ప్రోగ్రామ్ ఫ్యాన్‌ను ఒక నిమిషం ఆపి, ఇరవై రీడింగులు తీసి మధ్య విలువ రాసుకుంటుంది.

ఫ్యాన్ ఎప్పుడు తిరగాలన్నదీ ముఖ్యమే. కలెక్టర్ గాలి బయటికన్నా 8 డిగ్రీలు ఎక్కువైతే ఆన్, తేడా 5కు పడితే ఆఫ్. ఒకే సంఖ్య పెడితే మబ్బు వచ్చిపోయే ప్రతిసారీ ఫ్యాన్ టకటకా ఆగి తిరుగుతుంది. రాత్రి నడపొద్దు, గాలి దారి మూసేయండి. కృష్ణ ఒడ్డు ఊళ్లలో తెల్లవారుజాము గాలి తేమగా ఉంటుంది, పగలు ఎండిన కాయ మళ్లీ మెత్తబడుతుంది.

రెండు బ్రాంచీలంటే ఇద్దరు గైడ్లు, రెండు రివ్యూ తేదీలు, రెండు ఫార్మాట్లు. రెండు క్యాలెండర్లలో ఏది ముందైతే అదే మా గడువు అనుకున్నాం. డిపార్ట్‌మెంట్ ఫార్మాట్ వేరైనా ఫలితాల అధ్యాయం ఒక్కటే ఉంచండి. ఒకే ట్రయల్‌కు రెండు రిపోర్టుల్లో రెండు అంకెలుంటే ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ పట్టేస్తారు.

వేడిగాలి కిందినుంచి వస్తుంది, కింది ట్రే ముందు ఎండుతుంది. రోజూ పొద్దున ట్రేలను కిందికీ పైకీ మార్చాం, మొత్తం బరువు మారదు కాబట్టి కాటాకు ఇబ్బంది లేదు. చేతులకు గ్లౌజులు, ముక్కుకు గుడ్డ లేకుండా మార్చొద్దు, ఘాటు ఆగదు. మూడో ట్రయల్‌లో నాలుగో రోజు మూడింటికి రీడింగు 2.8 కిలోలకు దిగి మెసేజ్ వచ్చింది. నాలుగు ట్రేల్లోంచీ పదేసి కాయలు తీసి ఊపాం. మూడు ట్రేల్లో అన్నీ గలగలమన్నాయి. పై ట్రేలో మూడు కాయల తొడిమ ఇంకా ఒంగుతోంది, పుటుక్కున విరగడం లేదు. ఆ ట్రేను అడుగుకు మార్చి ఇంకో రెండు గంటలు ఉంచాం.