రాత్రి రెండు గంటల వంతు

జులై 24న ఆఫీసుకి సెలవంటే, 'మొన్ననే కదా జులై 4, స్వాతంత్ర్య దినం సెలవు అయింది, మళ్లీ ఏంటి?' అనుకున్నాను. అమెరికాలోని యూటా రాష్ట్రానికి వచ్చిన మొదటి ఏడాది అది. ఆ రోజు పయనీర్ డే అట. 1847లో తమ నాయకుడు బ్రిగమ్ యంగ్ వెంట మోర్మన్లు (ఒక క్రైస్తవ శాఖ వాళ్లు) ఇక్కడి సాల్ట్ లేక్ లోయకి చేరిన రోజు. టపాసులకీ ఊరేగింపుకీ లోటు లేదు. వాళ్లకంటే ముందు ఆ లోయలో తిరిగిన యూట్, షొషోనీ ఆదివాసీ జనం ఊసు మాత్రం నేను చూసిన ఊరేగింపులో లేదు.

యంగ్ రావడానికి ముందు రోజే, ముందుగా చేరినవాళ్లు వాగుకి కట్ట వేసి, ఎండి బండబారిన నేలని తడిపి దున్నడం మొదలుపెట్టారు. తలదాచుకునే ఇల్లు కట్టుకోకముందే కాలవ తవ్వుకున్నారు. చెరువు కింద పుట్టిన నాకు ఇది ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇక్కడివాళ్ల కొండల పిచ్చి నాకు మొదట్లో ఫ్యాషన్‌లా అనిపించేది. సోమవారం కాఫీ దగ్గర ఎవరిని కదిలించినా హైకింగ్, స్కీయింగ్ కబుర్లే. ఓ శనివారం ఫ్రెండ్ కుక్కని వెంటేసుకుని బిగ్ కాటన్‌వుడ్ కేన్యన్‌కి వెళ్లాం. కుక్కల్ని కార్లో కూడా తీసుకురాకూడదని బోర్డు! ఆ కొండల మంచు కరిగి ఊరి కుళాయిల్లోకి వస్తుంది మరి. నోరు మూసుకుని బండి వెనక్కి తిప్పాం.

మా పక్కింటాయనకి డెబ్బై దాటాయి. ఇంటి వెనక ఎకరంన్నర గడ్డి, రెండు గుర్రాలు. వాళ్ల పూర్వీకులు తోపుడు బండ్ల మీద సామాను లాక్కుంటూ నడిచి వచ్చారట. 1856లో అలా బయల్దేరిన రెండు గుంపులు వయోమింగ్ మంచులో చిక్కుకుని రెండు వందల మందికి పైగా పోయారు. ఆయన మనవరాళ్లు ఎండాకాలంలో పాతకాలం గౌన్లు వేసుకుని, అలాంటి బండి లాగడానికి క్యాంపుకి వెళ్తారు. ఆయన ఫ్రిజ్ మీద ఒక కాగితం: కాలవ నీళ్ల వంతులు, గంట, నిమిషంతో సహా.

ఒకసారి ఊరెళ్తూ ఆ వంతు నాకు అప్పగించాడు. "రాత్రి రెండుకి గేటు ఎత్తండి, ఐదింటికి దించండి. అంతే."

రెండింటికి టార్చి, పార పట్టుకుని వెళ్లి గేటు ఎత్తాను. నీళ్లు బుసకొడుతూ వచ్చి, మా గడ్డిని పలకరించకుండా నేరుగా కింది వాళ్ల వైపు పోయాయి. కాలవకి అడ్డంగా వేయాల్సిన కాన్వాస్ గుడ్డ గట్టు మీదే ఉంది. ఆ ఉరవడిలో వేయబోతే నన్నే లాక్కుపోయేలా ఉంది. షూ నిండా బురద. ఇండియాలో మధ్యాహ్నం ఒకటిన్నర. నాన్నకి వీడియో కాల్ చేసి కెమెరా కాలవ వైపు తిప్పాను.

ఒక్క క్షణం చూశాడు. "కింద అడ్డం కట్టకుండా పైన మడవ తెరిచినవా? ముందు ఆ గేటు దించురా!"

దించాను. పెరుగన్నం కలుపుకుంటూనే మిగతాదంతా చెప్పాడు.