పిన్ని వేలిముద్ర

"మళ్లీ పెట్టమ్మా, ఇంకాస్త గట్టిగా" అంటున్నాడు సచివాలయంలో కుర్రాడు. పిన్ని బొటనవేలు కొంగుకి తుడుచుకుని మళ్లీ పెట్టింది. మిషన్ ఊహూఁ అంది.

ఏళ్ల తరబడి మిరపకాయలు కోసిన వేళ్లు. గీతలు ఎక్కడ మిగులుతాయి? చివరికి కంటిపాప స్కాన్ చేస్తే పని జరిగింది.

బాబాయికి నెలనెలా పింఛను వచ్చేది. ఆయన పోయాక అది పిన్నికి రావాలి. ఎన్టీఆర్ భరోసా పింఛను పథకంలో ఇప్పుడు స్పౌజ్ కేటగిరీ ఉందిగా, మరణ ధ్రువీకరణ పత్రం, ఆధార్ ఇస్తే చాలన్నారు. తీరా చూస్తే పత్రంలో బాబాయి ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో పొడి అక్షరమే. "ఇద్దరూ ఒకరేనని ఎలా తెలుస్తుందమ్మా?" అనడిగాడు.

"నలభై ఏళ్లు కాపురం చేశాను, నన్నడుగు నాయనా" అంది పిన్ని. వెనక నిలబడ్డ వాళ్లంతా ఒకటే నవ్వు. ఆ కుర్రాడూ నవ్వేశాడు. కానీ కాగితం మాత్రం అడిగాడు, పాపం అతని ఉద్యోగం అతనిది.

ఒకటో తారీఖున ఇంటికొచ్చి చేతిలో పెట్టే నాలుగు వేలు. కిరాణా కొట్టు ఖాతా, బీపీ మాత్రలు అన్నీ దానిమీదే. 2024 జూలైలో 3,000 నుంచి 4,000 అయ్యాక, పెరిగిన ఆ వెయ్యి బాబాయి పిన్ని చేతికే ఇచ్చేవాడట. ఆటోలో వస్తూ చెప్పింది. నాకిన్నాళ్లూ తెలీదు.

మీ ఇంట్లో పెద్దవాళ్ల కాగితాల్లో పేర్లు ఒకేలా ఉన్నాయేమో ఈ ఆదివారం ఓసారి బీరువా తెరిచి చూడండి.