రెండు మూరల కనకాంబరాలు

"ఎన్ని మూరలమ్మా?" అని పూలామె రెండోసారి అడిగింది. గోవిందరాజస్వామి గుడి దగ్గర నేనింకా ఏ పూలో తేల్చుకోలేక నిలబడే ఉన్నాను.

అమ్మ ఆసుపత్రిలో ఉన్న 11 రోజులూ పక్కింటి అక్క క్యారియర్ పంపింది. ఒక్క పూట తప్పలేదు. అమ్మకని రసం వేరే గిన్నెలో, కారం తగ్గించి.

ముందు బొకే కొందామనుకున్నా. ప్లాస్టిక్ కవర్లో చుట్టిన ఆ గులాబీలు అక్కకి ఇవ్వబుద్ధి కాలేదు. జడలో పెట్టుకునే మనిషి ఆమె. మల్లెలైతే తలనొప్పి వస్తుందంటుంది. కనకాంబరాలకి వాసన ఉండదు కదా! మధ్యమధ్యలో మరువం వేసి కట్టినవి రెండు మూరలు తీసుకున్నాను. పూలామె మోచేతితో కొలిచి, కొసరుగా ఇంకో జానెడు వదిలి, తడి అరిటాకులో చుట్టిచ్చింది.

దారంతా ఏం చెప్పాలో అనుకుంటూనే వచ్చాను. అక్క తలుపు తీయగానే ఒక్క మాటా రాలేదు. పొట్లం చేతిలో పెట్టేశాను.

విప్పి చూసింది. మధ్యకి తుంచి సగం నాకే ఇచ్చింది.

"ఇవి అమ్మకి. నయమయ్యాక అందరం కొండకి పోదాం. అక్కడ పూలన్నీ స్వామికే, మనం పెట్టుకోకూడదు. అందుకే ఇప్పుడే పెట్టుకోమను."

ఇప్పుడే అమ్మ జడలో పెట్టాను. నా వేళ్లకింకా మరువం వాసన వస్తోంది.