ఛత్రపురం తంపర: ఫిరంగి గుంట కాదు, ఇసుక గట్ల వెనక నీరు

ఒడిశాలో గంజాం జిల్లా ఛత్రపురం దగ్గరున్న తంపర సరస్సు గురించి ఏ రాత తెరిచినా ఒకటే కథ. 1766లో ఫ్రెంచి దండుకీ ఈస్టిండియా కంపెనీకీ ఇక్కడ యుద్ధం జరిగిందట. ఫిరంగి గుళ్ళు పడి నేల గొయ్యి పడిందట. ఆ గోతిలో వాన నీరు చేరి సరస్సు అయిందట. ఇంగ్లీషువాళ్ళు దాన్ని ‘టాంప్’ అన్నారట, జనం నోట అదే ‘తంపర’ అయిందట. రామ్‌సార్ ఒప్పందం కింద ప్రపంచ ప్రాముఖ్యం ఉన్న తడినేలల జాబితాలో చేరినప్పుడు విడుదలైన వివరణలో కూడా ఈ పేరు కథే ఎక్కింది. గట్టు మీద నిలబడి ఆ నీటిని ఒక్కసారి చూసినవాళ్ళు దీన్ని ఎలా నమ్ముతారో నాకు అర్థం కాదు. ఈ యాత్ర గురించి రాయాలనిపించింది అందుకే.

బరంపురం నుంచి ఛత్రపురానికి పదహారో నంబరు జాతీయ రహదారి మీద ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. బస్సులకు కొదవ లేదు. రైల్లో వస్తే ఛత్రపురంలో అన్ని బళ్ళూ ఆగవు, కాబట్టి ఇచ్ఛాపురం, పలాస వైపు నుంచి వచ్చేవాళ్ళు బరంపురంలో దిగి బస్సెక్కడమే మేలు. గంజాం జిల్లాకు ముఖ్య పట్టణం ఛత్రపురమే అయినా బరంపురంతో పోలిస్తే ఊరు చిన్నది. చిక్కంతా ఊళ్ళో దిగాకే. షేర్ ఆటోలో ఇరవై రూపాయలతో పోయే దూరానికి, చేతిలో సంచీ, మెడలో కెమెరా చూస్తే నూట యాభై అంటారు. తెలుగులో బేరమాడితే కొంత దిగుతారు. ఈ ఊళ్ళో తెలుగు అర్థం కానివాళ్ళు తక్కువ. ఒడిశా ఏర్పడిన 1936 ఏప్రిల్ 1 దాకా ఇదంతా మద్రాసు రాష్ట్రమే కదా.

నేను షేర్ ఆటో కోసమే ఆగాను. పక్కన ఒక పెద్దావిడ, ఖాళీ చేపల గంప కాళ్ళ దగ్గర పెట్టుకుని కూర్చుంది. ఆర్యపల్లి వైపు పల్లెకారుల మనిషి. ఒడియావాళ్ళు ఇక్కడి తెలుగు జాలరి కులాలన్నిటినీ కలిపి నొలియాలంటారు. ఇళ్ళలో మాట్లాడేది తెలుగే, సంతలో ఒడియా. ఆటోవాడితో ఒడియాలో గొడవపడి, నా వైపు తిరిగి తెలుగులో ఎక్కడికని అడిగింది.

“తంపరకి, పెద్దమ్మా.”

“ఏ తంపరకి బాబూ?”

“ఛత్రపురం తంపర.”

“అలాగ సెప్పండి మరి. మా ఊరికాడా ఒక తంపరుంది, సిన్నది. ఎండల్లో ఇంకిపోతాది. ఇది పెద్ద తంపర. ఇది ఇంకదు.”

ఏ తంపర అని ఆవిడ అడిగిన తీరులోనే ఉంది అసలు సంగతి. ఆవిడకు తంపర అంటే ఒక సరస్సుకు పెట్టిన పేరు కాదు. చెరువు, గెడ్డ, మడుగు లాంటి మాటే అదీనూ.

శ్రీకాకుళం జిల్లా తీరంలో పుట్టినవాళ్ళకు ఇందులో వింత లేదు. వజ్రపుకొత్తూరు, సంతబొమ్మాళి వైపు తంపర భూములంటే తెలియని రైతు ఉండడు. సముద్రానికీ మెరకకూ మధ్య, ఇసుక గట్టు వెనక ఉండే పల్లపు నేల అది. వానాకాలంలో గెడ్డల, అంటే వాగుల నీరు వచ్చి నిలుస్తుంది. నీరు తీశాక వరి పండుతుంది. నీరు సముద్రంలో కలిసే మొగ పూడుకుపోయి అటు పోకపోతే చేలు రోజుల తరబడి మునిగిపోతాయి. సోంపేట దగ్గర ఇలాంటిదాన్నే బీల అంటారు. ఛత్రపురం తంపర కూడా ఈ వరసలోదే. తేడా ఒక్కటే, మన తంపర్లలో చాలావాటికి నీరు కొన్ని నెలలే ఉంటుంది, ఇక్కడ ఏడాది పొడవునా ఉంటుంది. ఒకే మాట శ్రీకాకుళం నుంచి గంజాం దాకా ఒకే రకం నేలకు వాడుకలో ఉంటే, అది ఛత్రపురంలో ఒక ఇంగ్లీషు సిపాయి నోట పుట్టిందనడం ఎలా కుదురుతుంది?

సరే, పేరు సంగతి అలా ఉంచి గుంట సంగతి చూద్దాం. రామ్‌సార్ లెక్క ప్రకారం ఈ తడినేల విస్తీర్ణం 300 హెక్టార్లు, అంటే 30 లక్షల చదరపు మీటర్లు. సగటున రెండు మీటర్ల లోతే అనుకున్నా 60 లక్షల ఘనపు మీటర్ల మట్టి లేచిపోవాలి. ఆ కాలపు ఫిరంగి గుండ్లలో ఎక్కువ భాగం గట్టి ఇనుప బంతులు. ఆరు పౌన్లు, పన్నెండు పౌన్లు, కోట గోడల మీదికైతే ఇరవై నాలుగు పౌన్లు. ఇసుకలో పడితే కూరుకుపోతాయి, అంతే. ఆకారం కూడా చూడాలి. గుండు దెబ్బకు పడిన గుంట గుండ్రంగా ఉండాలి. ఈ నీరు సన్నగా, పొడవుగా, సముద్రపు ఒడ్డుకు సమాంతరంగా పరుచుకుని ఉంది. గట్టు మీద అడ్డంగా నిలబడితే అవతలి ఒడ్డు చెట్లు లెక్కపెట్టుకునేంత దగ్గర. నిలువుగా చూస్తే కొస కనపడదు. మ్యాపులో ఛత్రపురం దగ్గర ఒడ్డు ఎటు వాలి ఉందో సరస్సు కూడా అటే వాలి ఉంటుంది.

చరిత్ర కూడా ఈ కథకు సహకరించదు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర కర్నల్ ఫోర్డ్ చేతిలో ఫ్రెంచివాళ్ళు ఓడారు. 1759 ఏప్రిల్లో బందరు కోట పోయింది. దాంతో ఉత్తర సర్కారుల్లో వాళ్ళ పట్టు తీరిపోయింది. 1765లో ఈ సర్కారులను కంపెనీకి ఇస్తూ మొగలు చక్రవర్తి షా ఆలం ఫర్మానా, 1766 నవంబరులో నిజాంతో ఒప్పందం, 1768లో గంజాంలో మొదటి కంపెనీ రెసిడెంటుగా ఎడ్వర్డ్ కాట్స్‌ఫర్డ్. ఈ వరసలో 1766 దగ్గర ఒక సరస్సును తవ్వేసేంత ఫ్రెంచి యుద్ధానికి చోటెక్కడుంది? ఒప్పందం జరిగిన ఏడాది జనం జ్ఞాపకంలో మిగిలి, దాని చుట్టూ యుద్ధం అల్లుకుని ఉంటుందని నా అనుమానం.

మరి నీరు ఎక్కడి నుంచి వచ్చింది? జవాబు చూడాలంటే సరస్సు దగ్గరే ఆగిపోకూడదు. దాన్ని దాటి సముద్రం వైపు నడవాలి. నా యాత్రలో ఎక్కువ పొద్దు గడిచింది అక్కడే.

సరస్సు దాటగానే నేల మెల్లగా లేస్తుంది. ముందు జీడిమామిడి, తర్వాత సరుగుడు, మధ్యమధ్య మొగలి పొదలు. గంజాం మొగలి పువ్వుకు భౌగోళిక గుర్తింపు ఉంది. అత్తరు బట్టీలకు పోయేది మగ పొద పువ్వే. వానాకాలంలో తెల్లవారుజామునే కోసి, వాసన ఎగిరిపోకముందే బట్టీకి చేర్చాలి. ఆ పొదల కింద ఇసుకను చేత్తో తోడితే తెల్లటి ఇసుక మధ్య నల్లటి చారలు కనిపిస్తాయి. అరచేతిలో వేసుకుంటే నల్ల ఇసుక బరువు ఇట్టే తెలుస్తుంది. అందులో ఇల్మనైట్ అనే ఖనిజం ఉంది. ఎర్రగా మెరిసే నలుసులు గార్నెట్. తేలిక ఇసుకను గాలి, అలలు ఎత్తుకుపోతే బరువు గింజలు చారలుగా మిగులుతాయి. ఛత్రపురంలో కేంద్ర ప్రభుత్వ సంస్థ 1980ల నుంచి తవ్వుతున్నది ఈ ఇసుకనే. ఈ చారలే మనకు సాక్ష్యం. ఈ గట్లను పేర్చింది సముద్రం. వేల ఏళ్ళ కిందట సముద్రమట్టం ఇప్పటి స్థాయికి వచ్చి కుదురుకున్నాక, అలలు తెచ్చిన ఇసుక ఒడ్డుకు సమాంతరంగా గట్టు వెనక గట్టుగా నిలిచింది. గట్టుకూ గట్టుకూ మధ్య మిగిలిన పల్లమే తంపర.

ఒడ్డుకు ఇంత దగ్గర్లో ఆ పల్లంలో మంచినీరు ఎలా నిలుస్తుందో గట్టు అవతల పల్లెలో కళ్ళారా చూశాను. ఒకావిడ ఇసుకలో చెలమ తీస్తోంది. అలలు కనపడేంత దూరంలోనే. ముందు పొడి ఇసుకను వెడల్పుగా తీసేసింది. అలా తీయకపోతే అంచులు విరిగి లోపల పడతాయి. తర్వాత కొబ్బరి చిప్పతో మోకాటి లోతు తవ్వేసరికి అడుగున చెమ్మ, ఆపై ఊట. మొదట వచ్చిన బురద నీటిని తోడి పారబోసింది. మళ్ళీ ఊరాక మరోసారి తోడింది. మూడోసారి ఊరిన నీరు తేటగా ఉంది. తాగి చూశాను, ఉప్పు లేదు. ఇంకొంచెం లోతు తవ్వితే నీళ్ళు ఎక్కువ వస్తాయి కదా అంటే, “వద్దు బాబూ, లోతుకెలితే ఉప్పురికేస్తాది” అంది.

భూగర్భజల శాస్త్రంలో ఉన్న మాటే ఆవిడ చెప్పింది. ఉప్పునీటి కంటే మంచినీరు తేలిక. గట్ల మీద కురిసిన వాన ఇసుకలోకి ఇంకి, కింద ఉన్న ఉప్పునీటి మీద తేలుతూ నిలుస్తుంది. మంచినీటి మట్టం సముద్రమట్టం కంటే ఒక మీటరు పైన ఉంటే, సముద్రమట్టానికి దిగువన సుమారు 40 మీటర్ల దాకా మంచినీరే. ఈ లెక్క వెనక్కి కూడా నడుస్తుంది. గట్ల కింద నీటి మట్టం పది సెంటీమీటర్లు దిగితే ఉప్పు నాలుగు మీటర్లు పైకి జరుగుతుంది. అందుకే తీరంలో బోర్లు వేసి మోటార్లతో తోడేచోట కొన్నేళ్ళకే నీరు ఉప్పగిల్లుతుంది. చెలమ పైపైన తోడుతుంది కాబట్టి అది తరతరాలు నిలిచింది. తంపరకు మెరక వైపు నుంచి వాన నీరు, సముద్రం వైపు నుంచి ఈ ఇసుక గట్టు కాపు. రెండింటిలో ఏది చెడినా సరస్సు చెడుతుంది.

ఫిరంగి కథ మీద నాకున్న కోపం వట్టి చరిత్ర పట్టింపు కాదు. గుంట అనుకుంటే గుంట చుట్టూ కంచె వేసి, గట్టు కట్టి, బెంచీలు, దీపాలు పెడితే పని అయిపోయిందనిపిస్తుంది. తంపర అనుకుంటే అవతలి ఇసుక గట్టు, దాని మీది సరుగుడు, మెరక నుంచి దిగే నీటి దారులు అన్నీ సరస్సులో భాగమే అవుతాయి. కట్టడాల కోసం గట్టును చదును చేస్తే వాన ఇంకే చోటు పోతుంది. మెరక వైపు దారులు మూస్తే కొత్త నీరు రాదు. ఉన్న నీటిలో ఊరి మురుగు కలిస్తే గుర్రపుడెక్క అల్లుకుంటుంది. అది కుళ్ళి అడుగున చేరి లోతు తగ్గిస్తుంది. తుపానులు సరేసరి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తీరం దాటింది గోపాలపురం దగ్గరే. 2018లో తిత్లీ పలాస వైపు దాటింది. అలాంటి రాత్రుల్లో ఉప్పెనకు మొదట అడ్డు నిలిచేది ఈ గట్లే.

చిలికను చూసి ఇక్కడికి వచ్చేవాళ్ళు రెండింటినీ కలిపేస్తారు, అది కూడా సరికాదు. చిలిక ఉప్పూ తీపీ కలిసిన నీరు. సముద్రంతో దానికి నేరుగా నోరుంది. ఆ నోరు పూడుకుపోతే 2000 సెప్టెంబరులో కొత్తది తవ్వారు. తంపర మంచినీటి సరస్సు, ఋషికుల్య నది కుడివైపున, నది మొగకు నైరుతిగా ఉంది. చేపలు కూడా వేరు. రామ్‌సార్ వివరాల్లో 46 రకాల చేపలు, కనీసం 60 రకాల పక్షులు, ఏడాదికి సగటున 12 టన్నుల చేపల దిగుబడి అని ఉంది. రామ్‌సార్ గుర్తింపు తేదీ 2021 అక్టోబరు, దేశంలో ప్రకటించింది 2022 ఆగస్టులో, దేశంలో ఇలాంటి తడినేలలు మొత్తం 75 పూర్తయిన విడతలో. ఒడిశాకే చెందిన అన్సుపా, హిరాకుడ్ కూడా ఆ విడతవే. మన కొల్లేరుకు ఈ గుర్తింపు 2002లోనే వచ్చింది.

వెళ్ళేవాళ్ళు నవంబరు, ఫిబ్రవరి మధ్య వెళ్ళండి. వలస బాతులు అప్పుడే ఉంటాయి. ఉదయం ఎనిమిది లోపు గట్టు మీద ఉండాలి. పడవలు తిరగడం మొదలయ్యాక పక్షులు నీటి మధ్య నుంచి దూరపు గడ్డి అంచులకు జరిగిపోతాయి. పడవ ఎక్కే ముందు ధర మనిషికా, పడవకా, ఎన్ని నిమిషాలకా అని మూడూ అడగండి. బైనాక్యులర్స్ ఉంటే పడవ కంటే గట్టు మీది నడకే నయం. సముద్రం వైపు గట్లు ఎక్కాలంటే చెప్పులు కాదు, బూట్లు కావాలి. మొగలి ఆకు అంచుల ముళ్ళు చీరేస్తాయి. ఇసుకలో నడక రోడ్డు మీద నడక కంటే రెట్టింపు సమయం తీసుకుంటుంది, నీళ్ళు వెంట ఉంచుకోండి. ఫిబ్రవరి, మార్చిలో వెళితే ఋషికుల్య మొగ దగ్గర తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలం కూడా కలిసొస్తుంది. అక్కడ రాత్రి టార్చిలైటు, ఫోను వెలుతురు వేయకూడదు, తాబేళ్ళు వెనక్కి తిరిగిపోతాయి. అటవీశాఖవాళ్ళు గీసిన హద్దు దాటకండి. తిరుగు ప్రయాణానికి చీకటి పడకముందే ఛత్రపురం చేరుకోండి. పొద్దు పోయాక తీరం వైపు నుంచి షేర్ ఆటోలు దొరకడం కష్టం, దొరికినవాడు అడిగిందే ధర.